ఐటీ కాంట్రాక్టర్ మానేస్తుంటే కొత్తవాళ్ళని తీసుకోవడం ఎలా - 3వ పాఠం: రీస్టోర్ పరీక్ష

మొదటి రెండు పాఠాలూ చేసినవాళ్ళ దగ్గర ఈపాటికి రెండు లిస్టులు ఉండాలి. ఒకటి అకౌంట్ల లిస్టు, అంటే డొమైన్ ఎవరి పేరు మీద ఉంది, సర్వర్ బిల్లు ఏ కార్డు మీద పోతోంది, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తోంది, ఇవన్నీ. రెండోది గత ఆరు నెలల మెయిళ్ళూ ఇన్వాయిస్‌లూ తిరగేసి మీ కాంట్రాక్టర్ నిజంగా ఏమేం పనులు చేస్తున్నారో రాసుకున్న లిస్టు. ఇవి లేకుండా మాత్రం ఇవాళ్టి పాఠం మొదలుపెట్టకండి, ముందు అవి పూర్తి చేసుకుని రండి.

ఇవాళ మనిషిని ఎంచుకోవడం.

ఎక్కడ వెతకాలి అన్నది త్వరగా చెప్పేస్తా. వెళ్ళిపోయేవాళ్ళనే ముందు అడగండి, "మీ పని చూసుకోగలిగినవాళ్ళు ఎవరైనా తెలుసా" అని. వాళ్ళు చెప్పే పేర్లు చాలాసార్లు మంచివే అవుతాయి, ఎందుకంటే ఆ సిస్టమ్‌లో కష్టం ఎక్కడుందో వాళ్ళకే తెలుసు. కాకపోతే స్నేహితుడు అని పరీక్ష లేకుండా తీసుకోవద్దు, అందరికీ ఒకటే పరీక్ష. ప్రకటన ఇస్తే అందులో "ఫుల్ స్టాక్ డెవలపర్ కావాలి" (అంటే సైట్‌లో కనిపించే భాగం, వెనక నడిచే భాగం రెండూ రాసేవాళ్ళు) అని రాయకండి, మీ రెండో లిస్టులో పనులు ఉన్నవి ఉన్నట్టు రాయండి. "పాత సైట్, ఒక డేటాబేస్, నెలకి నాలుగైదు చిన్న మార్పులు, బ్యాకప్‌లు చూసుకోవాలి, రాత్రి సైట్ పడిపోతే ఫోన్ ఎత్తాలి" అని ఉంటే, ఆ పని ఇష్టంలేనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తప్పుకుంటారు, మీకు బోలెడు టైం మిగుల్తుంది.

ఇంటర్వ్యూ దగ్గర చాలామంది తడబడతారు. టెక్నికల్ మనిషి కాని యజమాని టెక్నికల్ మనిషిని ఎలా పరీక్షిస్తాడు చెప్పండి? ఎన్నేళ్ళ అనుభవం, ఏ లాంగ్వేజ్‌లు వచ్చు అని అడుగుతారు, అవతలివాళ్ళు ధీమాగా చెప్తారు, వీళ్ళు ఆ ధీమా చూసి తీసేసుకుంటారు. అందుకని నేను అందరికీ చెప్పేది ఒకటే పరీక్ష, రీస్టోర్ పరీక్ష, అంటే బ్యాకప్ కాపీ నుంచి సైట్‌ని మళ్ళీ నిలబెట్టించడం. ఒక ఖాళీ సర్వర్, మీ తాజా బ్యాకప్, వెళ్ళిపోయేవాళ్ళు పని అప్పగిస్తూ రాసిన హ్యాండోవర్ నోట్స్, ఈ మూడూ ఇచ్చి "ఈ మూడింటితో మన సైట్‌ని ఇక్కడ నిలబెట్టండి" అనండి. నాలుగు గంటలు టైం పెట్టండి, ఆ నాలుగు గంటలకీ డబ్బులు ఇవ్వండి. ఊరికే చేయించుకోవడం తప్పు, పైగా బాగా పనిచేసేవాళ్ళు ఊరికే చెయ్యరు.

ఈ పరీక్షతో కొత్తవాళ్ళ పనితనం, పాతవాళ్ళ నోట్స్, మీ బ్యాకప్, మూడూ ఒకేసారి తేలిపోతాయి. బ్యాకప్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సైట్ నడిపే కంపెనీలో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌ని డిలీట్ చేశారు, సరే బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చుకుందాం అని చూస్తే రోజూ వెళ్తుందనుకున్న బ్యాకప్ అసలు వెళ్ళట్లేదు, డేటాబేస్ ఒక వెర్షన్, బ్యాకప్ తీసే టూల్ ఇంకో వెర్షన్ అవ్వడం వల్ల అది ప్రతిసారీ ఫెయిల్ అవుతోంది, ఆ ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్ళు కూడా మెయిల్ సర్వర్ దగ్గరే రిజెక్ట్ అయిపోతున్నాయి. ఆరు గంటల ముందు ఎవరో వేరే పనికోసం తీసిన కాపీ ఉండబట్టి దాన్నుంచి లేపారు, ఆ ఆరు గంటల డేటా పోయింది. అంత పెద్ద టెక్నాలజీ కంపెనీకే అలా అయితే మన బ్యాకప్‌ని ఒకసారైనా తెరిచి చూడకుండా ఎలా నమ్ముతాం.

జాగ్రత్తలు: ఇప్పుడు మీ సైట్ నడుస్తున్న సర్వర్ లాగిన్ పరీక్ష రాసే ఎవ్వరికీ ఇవ్వొద్దు. బ్యాకప్ కాపీలో కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు ఉంటాయి కదా, వాటిని ఉత్తుత్తి వాటితో మార్చి ఇమ్మని పాత కాంట్రాక్టర్‌కి చెప్పండి, అలాగే పేమెంట్ కీలు (డబ్బులు తీసుకునే సర్వీస్‌కి సైట్‌ని కలిపే రహస్య కోడ్‌లు), మెయిల్ పంపే పాస్‌వర్డ్‌లు తీసేయించండి, లేదంటే పరీక్ష సర్వర్ నుంచి నిజం కస్టమర్లకి మెయిళ్ళు వెళ్ళిపోతాయి.

ఇక మీరు చూడాల్సింది సైట్ లేచిందా లేదా అని కాదు. మధ్యలో వాళ్ళు ఏం అడిగారు అన్నది చూడండి. డౌట్లన్నీ రాతలోనే అడగాలి అని ముందే చెప్పండి, పాత కాంట్రాక్టర్ జవాబులు కూడా రాతలోనే. "డేటాబేస్ ఉంది కానీ అప్‌లోడ్ చేసిన ఫోటోల ఫోల్డర్ బ్యాకప్‌లో లేదు, అది ఎక్కడ?" అని అడిగినవాళ్ళు పని తెలిసినవాళ్ళు. "మన సైట్ ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ (కనెక్షన్ భద్రమని బ్రౌజర్‌కి చూపించేది) 90 రోజులకే అయిపోతుంది, దాన్ని రిన్యూ చేసే క్రాన్ జాబ్ (టైం ప్రకారం దానంతటదే నడిచే పని) నోట్స్‌లో కనపడలేదు" అన్నవాళ్ళు ఇంకా మంచివాళ్ళు, మీరు అడగని దాని గురించి కూడా ఆలోచిస్తున్నారన్నమాట. గంట కూడా అవ్వకుండానే "ఇదంతా పాతది, మొత్తం కొత్తగా రాసేద్దాం" అంటే మాత్రం ఆగండి. ఆ మాట ఒక్కోసారి నిజమే కావచ్చు, కానీ ఉన్నదాన్ని అర్థం చేసుకోకముందే అన్నారంటే రేపు మీ చిన్న చిన్న పనులకి వాళ్ళకి ఓపిక ఉండదు. సైట్ పూర్తిగా లేవకపోయినా, ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో మీకు అర్థమయ్యే మాటల్లో నాలుగు లైన్లు రాసి పంపిన మనిషి, చెప్పకుండా లేపేసిన మనిషి కన్నా నయం. మీరు రోజూ మాట్లాడాల్సింది ఆ మనిషితోనే కదా.

ఒక చిక్కు ఉంది. మొదటివాళ్ళ డౌట్లకి జవాబులు నోట్స్‌లో చేర్చేస్తే రెండోవాళ్ళకి పరీక్ష తేలికైపోతుంది. అందుకని నోట్స్ రెండు కాపీలు పెట్టుకోండి, పరీక్షకి అందరికీ మొదటి కాపీయే ఇవ్వండి, జవాబులన్నీ రెండో కాపీలో చేరుస్తూ పోండి. ముగ్గురు అయ్యేసరికి ఆ రెండో కాపీ ఎంత పనికొస్తుందో మీరే చూస్తారు, ఎవర్ని తీసుకున్నా వాళ్ళ చేతికి ఇచ్చేది అదే.

పాతవాళ్ళు ఇదంతా ఎందుకు చేస్తారు అంటారా, ఈ గంటలకి వాళ్ళకీ డబ్బులు ఇవ్వండి, చివరి బిల్లు ఆపి బెదిరించే పని పెట్టుకోకండి. వెళ్ళిపోయే మనిషితో మర్యాదగా ఉంటే నెల తర్వాత ఫోన్ చేసినా ఎత్తుతారు.

వచ్చే పాఠంలోపు మీ పని: వెళ్ళేవాళ్ళ చివరి తేదీ చూసుకుని దానికి కనీసం రెండు వారాల ముందు పరీక్షలు అయిపోయేలా రోజులు పెట్టుకోండి, ఖాళీ సర్వర్ తీయించండి, పేర్లు మార్చిన బ్యాకప్ కాపీ చేయించండి. 4వ పాఠంలో కాంట్రాక్ట్ రాసుకోవడం, కోడ్ మీద హక్కు మీదేనని అందులో ఎలా రాయించాలి, చివరి రోజున పాస్‌వర్డ్‌లూ కీలూ ఏ వరుసలో మార్చాలి అన్నవి చూద్దాం, అప్పటికి మీ అకౌంట్ల లిస్టు పక్కన పెట్టుకుని రెడీగా ఉండండి.