నాటిన మొదటి ఏడాది స్థానిక మొక్కలు ఎదగట్లేదా? ముందు వేళ్ల సంగతి చూడండి

శతావరి, సుగంధిపాల, అడవినాభి లాంటి మొక్క నాటిన ఆర్నెల్లకీ జానెడు దాటకపోతే చాలామంది చేసే మొదటి పని గుప్పెడు యూరియా చల్లడం. చల్లకండి. ఏళ్ల తరబడి బతకాల్సిన మొక్క మొదట్లో ఆకులు తయారుచేసిన ఆహారంలో పెద్ద వాటా వేళ్లకూ దుంపలకూ పంపుతుంది. ఒక్క కాలంలో బతుకు ముగించే బంతికి ఆ దాపరికం అక్కర్లేదు, అందుకే రెండు మూడు నెలల్లో పూసేస్తుంది. దాన్ని పక్కన పెట్టుకుని చూస్తే ఇవి మొండికేసినట్టే ఉంటాయి. మామూలుగా రెండో ఏడు దుబ్బు కట్టి, మూడో ఏడు నిండుగా పూస్తాయి. విత్తనం నుంచి పెంచిన దుంపజాతులకు ఇంకా ఆలస్యం కావచ్చు.

గొయ్యి లోతు కుండీలోని మట్టిగడ్డ ఎత్తంతే ఉండాలి, వెడల్పు రెండింతలు. ఎక్కువ లోతు తవ్వితే కింద మట్టి కుంగి మొక్క మొదలు పూడుకుపోతుంది, తడికి కుళ్లుతుంది. గడ్డ చుట్టూ వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే చేత్తో విడదీయండి. లేదంటే ఏడాది తర్వాత తవ్వినా అవి కుండీ ఆకారంలోనే కనిపిస్తాయి. పూడ్చడానికి తవ్విన మట్టే వాడండి. బంకనేలలో గొయ్యి నిండా కంపోస్టు నింపితే అది తొట్టిలా నీళ్లు పట్టుకుంటుంది, వేళ్లు ఆ మెత్తటి మట్టి దాటి బయటికి రావు.

ఎక్కువ మొక్కలు పోయేది నీళ్ల దగ్గరే. నర్సరీ కుండీల్లో తరచూ కొబ్బరిపొట్టు మిశ్రమం ఉంటుంది. అది పూర్తిగా ఎండితే మళ్లీ తేలిగ్గా తడవదు. చుట్టూ నేల బురదగా ఉన్నా మధ్యలో గడ్డ పొడిగా ఉండిపోతుంది, మొక్కేమో వాడుతుంది. కాబట్టి నాటేముందు కుండీని బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచండి. నాటాక మొదటి రెండు వారాలు రెండు మూడు రోజులకోసారి, మొక్క మొదట్లోనే, రెండు మూడు లీటర్లు నిదానంగా పోయండి. తర్వాత రెండు మూడు నెలలు వారానికోసారి చాలు, కానీ బాగా లోపలికి ఇంకాలి. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే తిరుగుతాయి. వాన పడిన వారం మానేయొచ్చు. అనుమానమొస్తే చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి, తడి తగిలితే ఆ రోజు వద్దు.

మధ్యాహ్నం ఆకులు వాలి సాయంత్రానికి తేరుకుంటే కంగారు లేదు. పొద్దున్నే వాలి ఉంటే, మట్టి పొడిగా ఉందంటే దాహం. తడిగా ఉందంటే వేళ్లు కుళ్లుతున్నట్టే, నీళ్లు ఆపండి.

యూరియా వద్దన్నది ఇందుకే: అందులోని నత్రజని ఎక్కువైతే కాండం సన్నగా సాగి పడిపోతుంది. అసలు దెబ్బ కలుపు కొడుతుంది: మొక్క చుట్టూ అడుగు మేర గడ్డి లేకుండా చూసి, రెండంగుళాల మందాన ఎండుటాకులు పరచండి, మొదలుకు మాత్రం తగలకుండా. మొదటి ఏడు వచ్చిన మొగ్గలు గిల్లేస్తే ఆ బలం కిందికి పోతుంది. మనసొప్పకపోతే ఒకటి ఉంచుకోండి.

మొక్కల మధ్య ఖాళీ చూసి అదనంగా నాటితే మూడో ఏటికి ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. అక్కడ ఈ ఏటికి బంతి విత్తనాలు చల్లుకోవచ్చు, వీటికి నీడ పడనంత దూరంలో.

వేళ్లు పట్టాయో లేదో తెలియాలంటే కాండం అడుగున పట్టుకుని మెల్లగా లాగండి. నేల పట్టు వదలకపోతే నాటుకున్నట్టే. తవ్వి మాత్రం చూడకండి: నీరు పీల్చే నూగువేళ్లు తెగి, మొక్క మళ్లీ మొదటికొస్తుంది.

అడవినాభి కాపు అయ్యాక పైనంతా ఎండిపోతుంది, శతావరి కూడా ఎండల్లో తీగ ఎండబెట్టుకోవచ్చు. చచ్చిందనుకుని పీకేయకుండా అక్కడ ఒక పుల్ల గుచ్చి పెట్టండి. వానలు పడి నెల దాటినా చిగురు రాకపోతే పక్కనుంచి కాస్త మట్టి తప్పించి దుంపను నొక్కండి. గట్టిగా ఉంటే పూడ్చేసి ఆగండి, మెత్తగా వాసనొస్తే తీసేయండి. అన్నట్టు, అడవినాభి దుంప విషం. తొడుగులు వేసుకునే ముట్టండి, పిల్లలకు అందనివ్వకండి.