మూడో యాభై తప్పకుండా: బీడర్‌మాన్ లెక్కతో 200 మీటర్ల ఫ్రీస్టైల్

ముందు ఒక రేసు లెక్క చూడండి. 2009లో రోమ్ ప్రపంచ పోటీల్లో జర్మనీ ఈతగాడు పాల్ బీడర్‌మాన్, మైకేల్ ఫెల్ప్స్‌ను దాటి 1:42.00తో (నిమిషం 42 సెకన్లు) 200 మీటర్ల ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డు కొట్టాడు. అతని నాలుగు యాభై మీటర్ల టైములు సెకన్లలో ఇవి: 24.23, 25.89, 26.18, 25.70. డైవ్ వల్ల మొదటిది తగ్గింది. మిగిలిన మూడింటికీ అర సెకను తేడా కూడా లేదు, పైగా చివరిది మూడోదానికన్నా వేగం. మన పిల్లలు సరిగ్గా ఇక్కడే తప్పుతారు. మొదటి యాభై ఊపిరి బిగబట్టి దూకుడుగా ఈది, మూడోదాంట్లో చేతులు బరువెక్కి చిక్కిపోతారు.

లక్ష్యం మూడు నిమిషాలనుకుంటే 43, 46, 46, 45 అని పంచుకోండి. మొదటిది 39లో వచ్చిందంటే మురిసిపోకండి. ఆ నాలుగు సెకన్ల అప్పును మూడో యాభై వడ్డీతో సహా వసూలు చేస్తుంది.

వారానికి మూడు రోజులు చేస్తే చాలు. 400 మీటర్లు నెమ్మదిగా ఈది ఒళ్లు వేడెక్కించి, తర్వాత ఎనిమిది యాభైలు, ఒక్కొక్కటి 46 సెకన్లలో, ప్రతి నిమిషం పదిహేను సెకన్లకి ఒకటి మొదలుపెట్టండి. 44కి వస్తే మెచ్చుకోవద్దు, 46కే రావాలి. రెండు వారాలయ్యాక నాలుగు యాభైలు, మధ్య పది సెకన్ల విరామంతో. విరామాలు తీసేసి కూడితే మీ 200 ఎంతకు వస్తుందో దాదాపుగా తెలుస్తుంది.

గట్టున నిలబడ్డవాళ్లు వాచీతో పాటు చేతి విసుర్లు (స్ట్రోకులు) కూడా లెక్కపెట్టాలి. మొదటి యాభైకి 44 స్ట్రోకులు పట్టి మూడోదానికి 52 పట్టాయంటే, నీళ్లలో మోచేయి కిందికి జారుతోందన్నమాట. అప్పుడు అరచేయి నీటిని వెనక్కి నెట్టదు, కిందికి అదుముతుంది. వేగం పెంచమని అరవకండి, మోచేయి పైకి పెట్టమనండి. మొదటి నూరు మీటర్లలో కాళ్లు తేలిగ్గా ఆడించి, గట్టి కిక్ ఆఖరి యాభైకి దాచుకోవాలి. ఊపిరి మొదటి స్ట్రోకుల నుంచే క్రమంగా తీసుకోవాలి, ఆయాసం వచ్చాక పీల్చుకుందామంటే కుదరదు.

బెజవాడ ఎండల సంగతి మర్చిపోవద్దు. పోటీ కొలనులో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీలుండాలి. మే నెల మధ్యాహ్నం పైకప్పు లేని కొలనులో అంతకు మించి వేడెక్కుతాయి, గుండె వేగం ముందే పెరుగుతుంది, టైములు పాడవుతాయి. గాంధీనగర్ సర్ విజ్జీ పూల్ అయినా, గుంటూరులో మరోటైనా, టైము చూసుకునేది తెల్లవారుజామునే. తర్వాత ఉప్పేసిన పల్చటి మజ్జిగ తాగండి. బందరు కాలువలో మాత్రం ఈ సాధన వద్దు. ప్రవాహం లాగేస్తుంది, ప్రాణానికే ముప్పు.

ఇక సూట్ మాట. రోమ్‌లో బీడర్‌మాన్ వేసుకున్నది పాలీయురేథేన్ సూట్ (నీళ్లలో ఒంటిని తేలికగా తేల్చే ప్లాస్టిక్ లాంటి సూట్), 2010 నుంచి అలాంటివి నిషేధం. 2008 బీజింగ్‌లో అతను 1:46.00తో ఐదోవాడు. నిషేధం తర్వాత 2011 షాంఘైలో బట్ట సూట్‌తో 1:44.88, కాంస్యం. సూట్ సాయం కాదనలేం, కానీ నాలుగు యాభైలకూ వేగాన్ని పంచుకున్న ఆ తీరు అతనిదే. మీకు ఒంటికి అతుక్కునే మామూలు నైలాన్ నిక్కరు చాలు. కాటన్‌ది నీళ్లు పీల్చి ఉబ్బి, ప్రతి టర్న్ దగ్గరా వెనక్కి లాగుతుంది. ఈత అయ్యాక క్లోరిన్ పోయేలా మంచినీళ్లలో జాడించి, నీడలో ఆరేయండి.