విదేశంలో పైలట్ శిక్షణ: డబ్బు కట్టే ముందు, గాలిలోకి లేచే ముందు

విదేశానికి వెళ్లి పైలట్ కావాలనుకునేవారు అందరికంటే ముందు అడిగేది "ఏ స్కూలు మంచిది?" అని. నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది మీ ఆరోగ్యం గురించి. రెండోది మీరు చివరికి ఏ దేశంలో ఉద్యోగం చేస్తారన్నది.

కమర్షియల్ పైలట్‌కు, అంటే డబ్బు తీసుకుని విమానం నడిపేవారికి, చాలా దేశాల్లో క్లాస్ 1 మెడికల్ సర్టిఫికెట్ తప్పనిసరి. కళ్లద్దాలుంటే పనికిరారన్నది అపోహే. అద్దాలతో చూపు ప్రమాణానికి సరిపోతే చాలావరకు ఇబ్బంది ఉండదు. అసలు చిక్కు రంగుల గుర్తింపు దగ్గర వస్తుంది. ఇషిహారా చుక్కల బొమ్మల్లో అంకె కనిపించడం లేదని కొందరికి ఆ పరీక్ష గదిలోనే మొదటిసారి తెలుస్తుంది. అప్పటికే స్కూలుకు డబ్బు కట్టేసి ఉంటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. ఏ దేశపు లైసెన్సు తీసుకుంటారో ఆ దేశం గుర్తించిన వైద్యుడి దగ్గరే పరీక్ష చేయించుకోండి. పాత జబ్బులు, వాడిన మందులు దాచవద్దు. దాచింది తర్వాత బయటపడితే జబ్బు కంటే అబద్ధమే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇక లైసెన్సు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కనీస ప్రమాణాలు పెడుతుందే తప్ప లైసెన్సు ఇవ్వదు. ఇచ్చేది ఆయా దేశాల అధికార సంస్థలు. అందుకే ఒకచోటి లైసెన్సు మరోచోట దానంతటదే చెల్లదు. అమెరికాలో అక్కడి విమానయాన అధికార సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన కమర్షియల్ లైసెన్సుతో యూరప్‌లో ఉద్యోగానికి వెళ్లాలంటే యూరప్ విమాన భద్రతా సంస్థ ఈఏఎస్ఏ నిబంధనల ప్రకారం థియరీ పరీక్షలు మళ్లీ రాయాలి. ఎయిర్‌లైన్ స్థాయికైతే 13 సబ్జెక్టులు, ఒక్కోదానిలో 75 శాతం, అన్నీ 18 నెలల్లోపు. బ్రిటన్ సంగతి ఇంకా విచిత్రం. 2020 చివరి వరకు ఆ లైసెన్సు యూరప్ వ్యవస్థలో భాగం. ఆ తర్వాత రెండూ వేరైపోయాయి.

అమెరికా లెక్క మరో రకం. అక్కడ మామూలుగా 250 గంటలు ఎగిరాక కమర్షియల్ లైసెన్సు వస్తుంది. ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా కూర్చోవాలంటే మాత్రం 2013 నుంచి సాధారణంగా 1500 గంటలు కావాలి. కొన్ని డిగ్రీ కోర్సులు చేసినవారికి కొంత తగ్గింపు ఉంది. మధ్యలోని గంటలను చాలామంది శిక్షకులుగా పనిచేసి పోగుచేసుకుంటారు. మీ వీసా అందుకు ఒప్పుకుంటుందా? వృత్తి విద్యకిచ్చే ఎమ్-1 వీసాపై చదువుతూ ఉద్యోగం చేయకూడదు; కోర్సు అయ్యాక ఇచ్చే ప్రాక్టికల్ శిక్షణ గడువు ఆరు నెలలు మించదు. ఆరు నెలల్లో వెయ్యికి పైగా గంటలు రావు. లైసెన్సు ఉంటే పని హక్కు కూడా వచ్చినట్టే అన్న భ్రమ ఎంతోమందిని ముంచింది.

ఈ రెండూ తేలాక స్కూలు. ఎంత రాయితీ ఆశ చూపినా మొత్తం ఫీజు ఒక్కసారిగా కట్టకండి. స్కూలు మూతపడితే అప్పులవాళ్ల వరుసలో మీరు చిట్టచివర ఉంటారు. దశలవారీగా కట్టండి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. కరపత్రంలో ఉండేది కనీస గంటల ధర. చాలామందికి అంతకంటే ఎక్కువే పడతాయి. ఎగరగలిగే స్థితిలో ఎన్ని విమానాలున్నాయి, ఒక్కో శిక్షకుడికి ఎంతమంది విద్యార్థులు, పరీక్షాధికారి కోసం ఎన్ని వారాలు ఆగాలి అన్నవి ప్రస్తుతం అక్కడ నేర్చుకుంటున్నవారినే అడగండి. ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ ప్రతి పేజీకీ ఎప్పటికప్పుడు ఫోటో తీసి వేరేచోట దాచుకోండి. శిక్షకుడి సంతకాలు అదే రోజు పెట్టించుకోండి; ఉద్యోగం మారి వెళ్లిపోయినవారి సంతకం కోసం తిరగడం అంత చికాకు ఇంకోటి లేదు. చేతిలో ఉద్యోగ పత్రం లేకుండా సొంత డబ్బుతో టైప్ రేటింగ్ (ఒక ఫలానా రకం విమానం నడపడానికి చేసే ప్రత్యేక శిక్షణ) చేయకండి.

గాలిలోకి లేచాక ప్రమాదం వేరే రూపంలో వస్తుంది. విదేశీ విద్యార్థి కాక్‌పిట్‌లో మరో ఇద్దరు కనిపించని ప్రయాణికులుంటారు: వీసా గడువు, అయిపోతున్న డబ్బు. ఇద్దరూ చెవిలో ఒకటే మాట చెబుతుంటారు: "ఈరోజు వెళ్లిపోదాం". మేఘం కాస్త కిందికి దిగినా, ఎదర మసక కనిపించినా ఆ మాటే గట్టిగా వినిపిస్తుంది. బయటి దృశ్యం చూసి నడపడం మాత్రమే నేర్చుకున్నవారు మేఘంలోకి వెళ్తే లోపలి చెవి మోసం చేస్తుంది. విమానం వాలిపోతున్నా సమంగానే ఉన్నట్టు తోస్తుంది. అందుకే ఎంత గాలికి, ఎంత ఎత్తు మేఘానికి ఆగిపోవాలో శిక్షకుడితో కలిసి ముందే కాగితంపై రాసుకోండి. ఆ అంకెలను రన్‌వే పక్కన నిలబడి మార్చకూడదు.

కార్బురేటర్ (ఇంధనాన్ని గాలితో కలిపే భాగం) ఉన్న ఇంజన్‌లో తేమ ఎక్కువైతే 20 డిగ్రీల ఎండలోనూ మంచు పట్టగలదు. ఎత్తైన చోట, వేడి రోజున అదే విమానం లేవడానికి ఎక్కువ రన్‌వే తీసుకుంటుంది. జలుబు చేస్తే ఎగరవద్దు. చెవులు దిబ్బడేయడం ఒక సమస్య, మత్తు తెప్పించే జలుబు మాత్రలు మరొకటి. రేడియోలో యాస అర్థం కాకపోతే "సే అగైన్" (మళ్లీ చెప్పండి) అనండి. అర్థం కాకున్నా తల ఊపి ముందుకెళ్లేవారిని చూస్తే నాకు భయం.

కమర్షియల్ లైసెన్సు కోసం పైలట్-ఇన్-కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మొత్తం మీదే అయి, చేసే 300 నాటికల్ మైళ్ల ప్రయాణంలో ఈ ఒత్తిడి బాగా తెలుస్తుంది. దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి ఆగాలి. చివరి అంచెలో వాతావరణం చెడితే, అక్కడే విమానాన్ని కట్టేసి రాత్రి ఉండిపోవడం తప్పు కాదు. ఆ రాత్రి గది అద్దె, మర్నాడు ఎదురయ్యే విమానం అద్దె, ఈ రెండింటికీ సరిపోయే డబ్బును మొదటి రోజే పక్కన పెట్టండి. ఇంకెంత అవసరం వచ్చినా దాన్ని ముట్టుకోకండి.