లినక్స్ తెరపై తెలుగు ఒత్తులు స్పష్టంగా కనబడాలంటే

లినక్స్‌లో అక్షరాలు మసకగా ఉన్నాయనగానే చాలామంది హింటింగ్ (అక్షరాల గీతలను తెర చుక్కలకు సరిపోయేలా సర్దడం), సబ్‌పిక్సెల్ (చుక్కలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలను విడివిడిగా వాడి అంచులను నునుపు చేయడం) అమరికలను మార్చి చూస్తారు. తెలుగు చదివేవారు ముందుగా చూసుకోవలసింది ఫాంటును. రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకొని చెప్పిన చిట్కాలను యథాతథంగా పాటిస్తే, అక్షరం కింద ఇరుకుగా ఒదిగే ఒత్తులు మరింత నలిగిపోతాయి.

పరీక్షకు విశాఖ సిటీ బస్సుల బోర్డులే చాలు. టెక్స్ట్ ఎడిటర్‌లో 11 పాయింట్ల సైజులో విశాఖపట్నం, మద్దిలపాలెం, జ్ఞానాపురం, శ్రీహరిపురం అని టైపు చేసి, చేయి చాచినంత దూరం నుంచి చదవండి. గాజువాక ఈ పనికి పనికిరాదు; ఒత్తే లేని ఆ పేరు ఏ ఫాంటులోనైనా చక్కగానే ఉంటుంది.

లినక్స్‌లో అక్షరాలను చూపే పనిని మూడు ప్రోగ్రాములు పంచుకుంటాయి: ఏ ఫాంటు వాడాలో ఫాంట్‌కాన్ఫిగ్ నిర్ణయిస్తుంది, ఒత్తులనూ గుణింతాలనూ హార్ఫ్‌బజ్ కూర్చుతుంది, ఆ ఆకారాలను ఫ్రీటైప్ తెరమీది చుక్కలుగా మారుస్తుంది. అందువల్ల 'ట్న' విడిపోయి పొల్లు కనబడితే అది మసకతనానికి సంబంధించిన సమస్య కాదు. ఫాంటునో, టైపు చేసిన తీరునో అనుమానించాలి. డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన పాత ఫైలు రోమన్ అక్షరాల గందరగోళంగా తెరుచుకుంటే, అది యూనికోడ్‌లో లేదని అర్థం. దానిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలే తప్ప ఇక్కడి అమరికలేవీ సరిచేయలేవు.

టెర్మినల్‌లో ఎఫ్‌సీ-మ్యాచ్ ఆదేశానికి తెలుగు భాషా సంకేతమైన టీఈని జతచేసి (fc-match :lang=te) అడిగితే, ప్రస్తుతం ఏ ఫాంటు ఎంపికవుతోందో తెలుస్తుంది. మెనూలకు, వెబ్ పేజీలకు నోటో సాన్స్ తెలుగు ఫాంటు నాకు నమ్మకంగా పనిచేసింది. పోతన, వేమన ఫాంట్లు పెద్ద సైజులో అందంగానే ఉంటాయి గాని చిన్న మెనూలలో వాటి సన్నని గీతలు తేలిపోతాయి. కొత్త ఫాంటును హోమ్ డైరెక్టరీలోని ఫాంట్ల ఫోల్డరులో పెట్టి, ఫాంట్ల జాబితాను తాజాపరిచే ఎఫ్‌సీ-క్యాష్ (fc-cache) ఆదేశం నడపండి. తరువాత ఫాంట్‌కాన్ఫిగ్ ఫైలులో సాన్స్-సెరిఫ్ (గీతల కొసల్లో తోకలు లేని సాదా అక్షరాల) వర్గానికి ప్రాధాన్య క్రమం రాసేటప్పుడు, తెలుగు అక్షరాలు లేని ఇంగ్లీషు ఫాంటును ముందు, తెలుగు ఫాంటును దాని వెనుక ఉంచండి. ఈ వరుస తారుమారైతే, తెలుగు ఫాంటులో రోమన్ అక్షరాలు కూడా ఉన్న సందర్భాలలో ఇంగ్లీషు మెనూలన్నీ దాని రూపంలోకి మారిపోతాయి.

హింటింగ్‌ను మీ డెస్క్‌టాప్‌ను బట్టి గ్నోమ్ ట్వీక్స్‌లో గాని, కేడీఈ సిస్టమ్ సెట్టింగ్స్‌లో గాని 'స్లైట్' వద్ద ఉంచడం మంచిది, ఎందుకంటే అది అక్షరాన్ని నిలువు దిశలోనే సర్దుతుంది. 'ఫుల్' పెడితే నిటారు గీతలు తక్కువగా ఉండే మన గుండ్రటి అక్షరాలు వంకర పోయే అవకాశం ఎక్కువ. అక్షరాల అంచులలో రంగులు కనబడితే, లేదా మానిటర్‌ను నిలువుగా తిప్పి వాడుతుంటే, సబ్‌పిక్సెల్ వదిలి, అంచులను బూడిద ఛాయలతో నునుపు చేసే గ్రేస్కేల్ ఎంచుకోండి. జీటీకే 4 (గ్నోమ్ అప్లికేషన్ల కిటికీలు, మెనూలు తయారుచేసే లైబ్రరీ) వాడే అప్లికేషన్లు ఎలాగూ సబ్‌పిక్సెల్‌ను పట్టించుకోవు.

15.6 అంగుళాల తెరపై 1366×768 రిజల్యూషన్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో అంగుళానికి సుమారు 100 చుక్కలే ఉంటాయి కాబట్టి, 'క్ష్మ' వంటి రెండు ఒత్తుల అక్షరానికి 11 పాయింట్లు చాలవు. అక్కడ తెర మొత్తాన్ని భిన్నాంకాలలో స్కేల్ చేస్తే కొన్ని పాత అప్లికేషన్లు మసకబారతాయి; దానికి బదులు ట్వీక్స్‌లో అక్షరాల స్కేలింగ్‌ను మాత్రమే 1.15కు పెంచండి. ఆపైన లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ చేసి, ఆ నాలుగు పేర్లనూ ఇంకోసారి చదివి చూడండి.