రొయ్యల పెట్టె ఎలక్ట్రాన్ కిరణం కిందకి వెళ్లేముందు

భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల ప్లాంట్లలో గడ్డకట్టించిన వనామీ రొయ్యల్లో క్రిములు చచ్చేలా ఎలక్ట్రాన్ కిరణంతో శుద్ధి చేయించాలనుకుంటే, ముందు చూసుకోవాల్సింది మీ పెట్టె. యంత్రం సంగతి ఆ తర్వాత. ఇదే పనికి వాడే గామా కిరణాలు పెట్టెల గుట్టలోంచి కూడా దూసుకుపోతాయి. ఎలక్ట్రాన్లు 10 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, వాటి శక్తి కొలత) శక్తితో వచ్చినా, నీటిలో ఐదు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. ఆహారానికి ఆ 10 దాటనివ్వరు. శక్తి ఇంకా పెంచితే సరుకులోనే రేడియోధార్మికత పుట్టే వీలుంది.

అన్నిటికంటే ముందు, సరుకు ఏ దేశం వెళ్తుందో తేల్చుకోండి. అమెరికా 2014లో రొయ్యలు, పీతల వంటివాటికి 6 కిలోగ్రే (సరుకులో పడే కిరణం మోతాదుకి, అంటే డోసుకి కొలత) వరకు అనుమతించింది. మన దేశంలో చేపలు, రొయ్యల్లో రోగకారక క్రిములను చంపడానికి 1 నుంచి 7 కిలోగ్రే దాకా ఇవ్వొచ్చు. జపాన్ మాత్రం బంగాళాదుంప తప్ప వేరే ఏ ఆహారాన్నీ ఇలా శుద్ధి చేసి అమ్మనివ్వదు. ఆ ఆర్డరు పెట్టెల్ని కిరణం దరిదాపులకు పోనివ్వకండి.

ఇక కొలత. కాటా, టేపు ఉంటే చాలు. పెట్టె బరువుని గ్రాముల్లో తీసుకుని, పైముఖం పొడవు, వెడల్పుల లబ్ధంతో భాగించండి. ఉదాహరణకు గడ్డకట్టించిన రెండు కిలోల రొయ్యల బ్లాకు ఒకటి గ్లేజుతో (పైనుండే మంచు పూత), అట్టతో కలిపి 2,200 గ్రాములు తూగింది. పైముఖం 29 సెంటీమీటర్లకు 19. గుణిస్తే 551. అంటే చదరపు సెంటీమీటరుకు 4 గ్రాములు. కిరణానికి ఇది 4 సెంటీమీటర్ల నీటితో సమానం.

ఒకవైపు నుంచే కిరణం కొడితే హద్దు సుమారు 3.8. అక్కడిదాకా అడుగున పడే డోసు, పైన పడిన డోసుకి తగ్గదు. రెండువైపులా కొడితే 8 దాకా వెళ్లొచ్చు. మన బ్లాకు 4 కాబట్టి ఒకవైపుకి అంచు దాటింది, రెండువైపులా హాయిగా సరిపోతుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే. 8 లోపు ఏదైనా రెండువైపులా బాగానే ఉంటుందనుకుంటారు. 5, 6 గ్రాముల పెట్టె అన్నిటికన్నా చెడ్డది. ఎలక్ట్రాన్ డోసు పైన కాదు, సుమారు రెండున్నర సెంటీమీటర్ల లోతున ఎక్కువ ఉంటుంది. ఐదున్నర గ్రాముల పెట్టెలో పై నుంచి వచ్చిన శిఖరం, కింది నుంచి వచ్చిన శిఖరం నడిమధ్యన ఒకదానిమీద ఒకటి పడతాయి. పైముఖానికి 3 కిలోగ్రే అందితే మధ్యన 7.8 దాకా పోతుంది. అమెరికా హద్దు, మన హద్దు రెండూ దాటినట్టే. అదే 4 గ్రాములదైతే 3కి 4.2 దగ్గర ఆగుతుంది. అందుకే ట్రేలు, అచ్చులు కొనేటప్పుడే 4 దగ్గరో, 7.5 దగ్గరో ఉండేలా చూసుకోండి. బ్లాకులన్నీ పట్టే పెద్ద పెట్టెలో (మాస్టర్ కార్టన్) సర్దేశాక ఇక చేసేదేం లేదు. బ్లాకుల్ని విడిగానే పంపి, తర్వాత సర్దాలి.

గ్లేజు ఒకపక్క మందంగా, ఒకపక్క పలచగా పడ్డా లెక్క తప్పుతుంది. కాబట్టి ట్రేని సమంగా ఉంచి గడ్డకట్టించండి.

మొదటి లాటులో ఒక పెట్టె పైన, మధ్యన, అడుగున, మూలల్లో డోసిమీటర్ ఫిల్ము (పడిన డోసుని కొలిచే రేకు) పెట్టమని అడగండి. ఫిల్ము స్పందన ఉష్ణోగ్రతని బట్టి మారుతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర క్రమాంకనం చేశారా (కొలత సరిచూశారా) అని తెలుసుకోండి. కిరణం వల్ల సరుకు కరుగుతుందన్న భయం అక్కర్లేదు. ఒక కిలోగ్రే అంటే కిలోకి ఒక కిలోజౌల్ మాత్రమే. కరిగేది లోడింగ్ దగ్గర, లారీ తలుపు తెరిచి ఉంచినప్పుడు.

కన్వేయరు వేగం సగానికి తగ్గితే డోసు రెట్టింపవుతుంది. మధ్యలో ఆగితే కిరణం వెంటనే ఆగాలి. అప్పుడు హార్న్ (కిరణం బయటికొచ్చే యంత్రం మూతి) కింద ఉన్న పెట్టెల్ని లాటులో కలపకుండా పక్కన పెట్టించండి. ఆగడానికి పెద్ద కారణాల్లో ఒకటి, ఎలక్ట్రాన్లు బయటికొచ్చే పలుచని టైటానియం రేకు. దానికి చల్లగాలి అందకపోతే చిల్లుపడి, లోపలి శూన్యం పోతుంది. మరమ్మతుకు రోజులు పట్టొచ్చు గనక లారీ దిగేలోపే కోల్డ్ స్టోరేజీ మాట్లాడుకోండి.

కిరణం సాల్మొనెల్లా వంటి రోగకారక క్రిముల్ని చంపుతుంది. యాంటీబయాటిక్ అవశేషాల్ని తీసేయదు. చెరువులో వాడిన మందు పెట్టెలో అలాగే ఉంటుంది. ఆ పరీక్ష వేరే. పాడైన రొయ్య వాసనని కూడా ఇది బాగుచేయదు.

ఇదే ఎలక్ట్రాన్ కిరణంతో కేబుళ్ల ప్లాస్టిక్ తొడుగునీ గట్టిపరుస్తారు. అక్కడ 0.5 నుంచి 3 ఎంఈవీ చాలు గానీ, డోసు వంద కిలోగ్రేలు దాటుతుంది. ట్రాంబేలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) కట్టిన కాళి-5000 అనే ఎలక్ట్రాన్ యంత్రం వేరే జాతి. నానోసెకన్లలో ఒక్క దెబ్బగా వదిలే ఆ కిరణం ఫ్లాష్ ఎక్స్-రేలు, శక్తిమంతమైన మైక్రోవేవ్‌ల వంటి రక్షణ పరిశోధనలకు. పెట్టెల పనికి నిలకడగా నడిచే లినాక్ (ఎలక్ట్రాన్లకు సరళరేఖలో వేగం పెంచే యంత్రం) కావాలి.

కోనసీమ కొబ్బరిపొడి పంపేవాళ్లకి ఇంకో చిక్కు. పాతిక కిలోల సంచి పడుకోబెడితే తలగడలా ఉబ్బుతుంది. సగటున 7 గ్రాములు వచ్చినా నడుమ 9 దాటుతుంది, అంచులు 5 దగ్గరుంటాయి. నడుమ డోసు తక్కువ, అంచుల్లో ఎక్కువ. చదునుగా ఉండే అట్టపెట్టెలో, మందం సమంగా నింపండి. పైగా అందులో నూనె ఎక్కువ. డోసు పెరిగితే కమురు వాసన పట్టేస్తుంది. గాలి తీసి ప్యాక్ చేసి, పని జరిగేంత తక్కువ డోసే అడగండి.