ఆడ ఫైటర్ చేపలు ఒకే ట్యాంకులో కొట్టుకోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

మగ ఫైటర్లే కొట్టుకుంటాయి, ఆడవి కలిసి ఉంటాయి అని చెప్పి రెండు ఆడ చేపల్ని ఒకే గాజు గిన్నెలో వేసి అమ్ముతుంటారు. ఆడవీ కొట్టుకుంటాయి. ఎవరి పెత్తనమో తేలి ఒక వరుస కుదిరితేనే గొడవ తగ్గుతుంది. అందుకు చోటూ కావాలి, చాటూ కావాలి.

ట్యాంకు మూడడుగుల పొడవు, 100 లీటర్లు ఉండాలి. స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి. ఇవి పైకొచ్చి గాలి పీల్చే చేపలు కాబట్టి మూత కింద రెండంగుళాల ఖాళీ వదలండి. నీటి వేడి 25 నుంచి 28 డిగ్రీలు. మిషన్ భగీరథ నల్లా నీళ్లయితే క్లోరిన్‌ను పోగొట్టే యాంటీ క్లోరిన్ మందు కలపాలి. నల్లగొండ వైపు బోరు నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ, వాటి జోలికి పోవద్దు. చేపల్ని వేసే ముందు, మలినాలను తినే మంచి బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరిగేలా, ఖాళీ ట్యాంకులోనే రోజూ చిటికెడు మేత వేస్తూ నెల రోజులు ఫిల్టర్ నడపండి.

చేపలు ఏడుకు తగ్గొద్దు. రెండు మూడే ఉంటే దెబ్బలన్నీ ఒకదానికే పడతాయి. అన్నీ ఒకే ఈడువి కావాలి. పొట్ట కింద తెల్లటి చుక్క చూసి కొనండి, పొట్టి రెక్కల మగవాటిని ఆడవని అంటగడతారు.

ట్యాంకు ఈ చివర నుంచి ఆ చివర కనబడనంత దట్టంగా వాలిస్నేరియా (పొడవాటి గడ్డిలాంటి నీటి మొక్క), తేలే మొక్కలు, కుండ పెంకులు, ఎండిన బాదం ఆకులు వేయండి. ప్లాస్టిక్ మొక్కలు వద్దే వద్దు, రెక్కలు చీలిపోతాయి.

అన్నిటినీ ఒకే రోజు, లైటు ఆపి వదలండి. ఇవాళ మూడు, వచ్చే వారం నాలుగు వేస్తే ముందొచ్చినవి జాగా అంతా తమదే అనుకుంటాయి.

అసలు జాగ్రత్త ఇప్పుడు మొదలవుతుంది. మొదటి వారం మొప్పలు విప్పడం, తరుముకోవడం మామూలే. రెక్క అంచు కాస్త చిరిగినా టెన్షన్ పడొద్దు. కానీ ఒక చేప పైమూలలో నక్కి, రెక్కలు ముడుచుకుని, తల నుంచి తోక దాకా నల్లటి గీతలు తేలి, మేతకు కూడా రాకపోతే ఆ పూటే కదలాలి. పైనుంచి కిందికి దిగే చారలు వేరు, అవి గుడ్లకు సిద్ధమైన చేపవి.

అప్పుడు చాలామంది దెబ్బలు తిన్నదాన్ని మాత్రమే తీస్తారు. దయచేసి అలా చేయకండి. దాని తర్వాత బలహీనమైనది మర్నాడు దొరికిపోతుంది. గాయపడినదాన్ని విడిగా చూసుకోండి, కానీ కొట్టేదాన్ని తప్పకుండా తీయండి. నాలుగైదు రోజులు వేరే ట్యాంకులో ఉంచి, ఈలోపు మొక్కలు, పెంకులు చోటు మార్చి, రాత్రి తిరిగి వదలండి. తన జాగా ఏదో గుర్తుపట్టలేక తగ్గి ఉంటుంది. అదే ట్యాంకులో వల డబ్బా వేలాడదీసి అందులో పెట్టే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. మిగతావాటిని చూస్తూ అది రోజంతా మొప్పలు విప్పుతూనే ఉంటుంది, కోపం చల్లారేదెప్పుడు?

మే నెల ఎండలకు నీళ్లు వేడెక్కితే కుదిరిన గుంపులోనూ గొడవలు మళ్లీ రావచ్చు. ఫ్యాను గాలి నీటి పైకి తగిలేలా పెట్టండి.

రెండోసారి వదిలినా తీరు మారని చేపను మూడోసారి వేయొద్దు. అది ఒంటరిగా బతికే చేప. దానికోసం 20 లీటర్ల ట్యాంకు ముందే సిద్ధం చేసుకున్నాకే గుంపును కొనండి.