పాత్ర మనసులో మాటను కథలోకి తేవడం ఎలా?

మనిషి పైకి అనే మాటకూ లోపల అనుకునే మాటకూ మధ్య దూరం ఉన్నప్పుడే పాఠకుడు ఆ మనిషికి దగ్గరవుతాడు. రెండూ ఒకటే అయినచోట లోపలి మాట రాయాల్సిన పనే లేదు. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువమంది దీన్ని వివరణకు వాడతారు. పాత్ర గతం చెప్పాలన్నా, బాధ చెప్పాలన్నా, తమ అభిప్రాయం చెప్పాలన్నా పాత్ర చేత మనసులో అనిపిస్తారు. ఆ పనులకు మామూలు కథనమే మేలు. ఎవరికీ చెప్పుకోలేనిది, ఒక్కోసారి తనకు తాను కూడా ఒప్పుకోలేనిది బయటపెట్టాలంటే మాత్రం లోపలి మాటను మించిన సాధనం లేదు.

ఒకే ఉదాహరణను పట్టుకుని నడుద్దాం. లచ్చవ్వ పరకాల పక్క ఊరి రైతు. ఫిబ్రవరిలో మిర్చి బస్తాలు ట్రాలీ ఆటోలో వేసుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చింది. వానకాలంలో పెట్టుబడికి అడ్తి సేటు (కమిషన్ మీద సరుకు అమ్మిపెట్టే వ్యాపారి) దగ్గర అప్పు తెచ్చింది. సరుకు అమ్ముడుపోగానే సేటు తన బాకీ పట్టుకుని మిగిలింది చేతిలో పెడతాడు.

1. దాచేది ఏమిటో ముందే తేల్చుకోండి

సన్నివేశం మొదలుపెట్టక ముందు ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసుకోండి. పైకి అనేది: 'పన్నెండు బస్తాలే అయినయ్ సేటూ.' లోపల అనుకునేది: 'ఇంకో రెండు బస్తాలు తమ్ముని ఇంట్ల పెట్టొచ్చిన, బిడ్డ హాస్టల్ ఫీజుకు.' తనకు తాను ఒప్పుకోనిది: ఫీజు ఒక సాకు, ఒక్కసారైనా తన చేతిలో తన డబ్బు ఉండాలని ఆమె కోరిక.

మూడో వాక్యం కథలో ఎక్కడా రాయకూడదు. అది రెండో వాక్యం పగుళ్లలోంచి కారాలి. పాత్రకు లోతు వచ్చేది అక్కడే. లోపల అనుకునేదంతా నిజమేనని పాఠకుడు నమ్మితే ఆ పాత్రలో ఒక పొరే మిగులుతుంది. మనసులో కూడా మనిషి వకాల్తా పుచ్చుకుని వాదిస్తాడు, సర్దిచెప్పుకుంటాడు, అబద్ధమాడతాడు. ఈ మూడో వాక్యం దొరకకపోతే సన్నివేశాన్ని ఇంకో రోజు ఆపడం మంచిది.

2. చోటు ఎంచుకోండి

ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉండే సందు అన్నిటికంటే మంచి చోటు. సేటు 'ఎన్ని తెచ్చినవ్?' అని అడిగాడు, లచ్చవ్వ ఇంకా నోరు తెరవలేదు. అబద్ధం ఆడబోయే ముందు, ఎదురుచూపులో, సిగ్గుపడ్డప్పుడు, నిర్ణయం తీసుకునేటప్పుడు కూడా మనసు సహజంగానే మాట్లాడుతుంది. హమాలీలు బస్తాలు దింపుతున్న హడావుడిలో గానీ, కొట్లాట జరుగుతున్నప్పుడు గానీ పేరా పొడుగు ఆలోచన పెడితే పని ఆగిపోయినట్టు అనిపిస్తుంది. అక్కడ మూడు నాలుగు మాటలు చాలు.

3. రూపం తేల్చుకోండి

ఒకే భయాన్ని మూడు రకాలుగా రాయొచ్చు.

రెండు బస్తాలు దాచిన సంగతి సేటుకు తెలిసిపోయిందేమోనని లచ్చవ్వ భయపడింది.

'సేటుకు ఎర్కయిందా? ఎవలు చెప్పిన్రు?' అనుకుంది లచ్చవ్వ.

సేటు బస్తాల దిక్కు మళ్లీ చూశాడు. ఎందుకు చూసినట్టు? పన్నెండే గదా ఉన్నయ్. తను ఒణకొద్దు, అంతే.

మొదటిది కథకుడి నివేదిక. కాలాన్ని దాటించడానికి, చిన్న విషయాలకు సరిపోతుంది. రెండోది పాత్ర సొంత మాట, కొటేషన్‌లో. మూడోదాంట్లో కథకుడి గొంతు ఎక్కడ ఆగిందో, లచ్చవ్వ గొంతు ఎక్కడ మొదలైందో అతుకు కనపడదు. తెలుగుకు ఈ మూడో రూపం చక్కగా ఒదుగుతుంది. కర్త లేకుండానే మన వాక్యం నిలబడుతుంది, పైగా 'తను' అనే మాట ఆలోచిస్తున్న మనిషినే చూపిస్తుంది. సన్నివేశంలో మరో స్త్రీ ఉంటే ఆమెను 'ఆమె' అనండి, లచ్చవ్వను 'తను' అనండి. పేరు మళ్లీ మళ్లీ రాసే అవసరం తప్పుతుంది.

'అని అనుకుంది' దగ్గర జాగ్రత్త అవసరం. ప్రతి ఆలోచన చివరా దాన్ని తగిలిస్తే, పాఠకుడు లోపలికి వెళ్లిన ప్రతిసారీ చేయి పట్టుకుని బయటికి లాగినట్టవుతుంది. సన్నివేశంలో మొదటి ఆలోచనకు ఒకసారి వాడి, తర్వాత వదిలేయండి.

తెలంగాణ క్రియలతో ఇంకో చిక్కు ఉంది. 'బస్తాలు దాచిన' అంటే మన మాటలో 'నేను దాచాను' అని. పుస్తకాల తెలుగుకు అలవాటుపడ్డ కన్ను దాన్ని 'దాచిన బస్తాలు'లో ఉన్న 'దాచిన'లా చదివి తర్వాతి మాట కోసం వెతుకుతుంది. అలాంటి క్రియను వాక్యం చివరే ఉంచి వెంటనే చుక్క పెట్టండి.

వాలు అక్షరాలు (ఇటాలిక్స్) చాలా తెలుగు ఫాంట్లలో విరిగినట్టు కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. ఒంటి కొటేషన్ గుర్తు వాడండి, లేదా ఏ గుర్తూ పెట్టకండి. ఏది ఎంచుకున్నా కథంతా అదే ఉండాలి.

4. మనసు ఏ భాషలో మాట్లాడుతుంది?

ఎక్కువ కథలు దెబ్బతినేది ఇక్కడే. బడి పలుకుల భాష వేరు, పలుకుబడుల భాష వేరని కవి కాళోజీ హన్మకొండలోనే ఉండి గట్టిగా చెప్పారు. ఆ తేడా మనసులో మాటకు అన్నిటికంటే ఎక్కువ వర్తిస్తుంది. ఆఫీసులో 'సరే సార్, రేపటిలోగా పూర్తి చేస్తాను' అనే గుమాస్తా లోపల 'రేపటికి యాడైతది, నా బొందయితది' అనుకుంటాడు. పైకి నేర్చుకున్న భాష, లోపల ఇంటి భాష. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే అతని ఉద్యోగం, భయం, పుట్టిన ఊరు ఒక్క వాక్యంలో తెలిసిపోతాయి. కోపం పెరిగేకొద్దీ లోపలి యాస చిక్కబడనివ్వండి.

అయితే ప్రతి మాటకూ 'గిట్ల', 'గట్ల' అతికిస్తే అది సినిమా యాస అవుతుంది. క్రియ చివరలు, ప్రశ్న మాటలు (ఎట్ల, ఏంది, ఎవలు), 'గదా' లాంటి ఊతాలు సరిగ్గా పడితే మిగతాది పాఠకుడి చెవి పూరించుకుంటుంది.

మనసులో ఎవరితో మాట్లాడుతున్నారన్నది కూడా ముఖ్యమే. కొందరు తమను తామే తిట్టుకుంటారు: 'ఏమే లచ్చీ, నోరు కట్టుకో.' కొందరు చనిపోయిన తల్లితో, కొందరు సమ్మక్క తల్లితో చెప్పుకుంటారు. ఒక పాత్రకు ఒక అలవాటు ఇచ్చి దాన్నే కొనసాగించండి.

5. ఆలోచనను ఒక వస్తువు మీంచి మొదలుపెట్టండి

మనసు ఉత్తగా కదలదు. కన్ను దేన్నో చూస్తుంది, అక్కడినుంచి దారి పడుతుంది. ఆ వస్తువు పాత్ర వృత్తిలోంచి రావాలి. మిర్చి రైతు కన్ను తాలు కాయ మీద పడుతుంది, ఎందుకంటే తెల్లబారిన తాలు కనపడితే ధర పడిపోతుంది.

సేటు బస్తాలో చేయి పెట్టి గుప్పెడు కాయలు తీశాడు. "ఎన్ని తెచ్చినవ్?"

తాలు కాయ మీదికే వచ్చె. పొద్దుగాల ఏరంగ కండ్లు యాడ పోయినయో. ఆ రెండు బస్తాలల్ల ఒక్క తాలు లేదు, మంచి కాయంత అండ్లనే పెట్టిన. బిడ్డ ఫీజుకే గదా. ఫీజు కట్టంగ మిగిలితే... మిగిలితే సూద్దాం. సేటుది ఎగ్గొడ్తనా ఏంది, అచ్చే కారుకు ఇయ్యనా? అవ్వ ఉంటే తిట్టేది. అవ్వ చేతుల ఏనాడు పది రూపాయలు లేకపాయె.

"పన్నెండు" అంది లచ్చవ్వ. సేటు ఏమీ అనకముందే మళ్లీ అంది. "పన్నెండే సేటూ."

'మిగిలితే' దగ్గర ఆమె తడబడింది. కాగితం మీద రాసుకున్న మూడో వాక్యం కారింది అక్కడే. తల్లి ఖాళీ చేతులు గుర్తుకు రావడంతో దానికి బలం వచ్చింది. ఆలోచన ఉత్తగా పోలేదు, రెండోసారి 'పన్నెండే' అనిపించింది. లోపలి మాట ప్రతిసారీ ఇలా బయట ఏదో ఒకటి మార్చాలి. మాట గానీ, చూపు గానీ, చేసే పని గానీ.

6. ఎంత రాయాలి?

రెండు వేల మాటల కథలో ఇలాంటి చోట్లు మూడు, మహా అయితే నాలుగు. ఒక్కోటి అరవై, డెబ్బై మాటలు దాటితే మధ్యలో బయటి లోకం తగలాలి: మిర్చి ఘాటుకు దగ్గు, కాంటా దగ్గర కేక, మోగే ఫోను. మొత్తం కథను మనసులోనే నడిపే చైతన్య స్రవంతి వేరే సాధన. మన ఉమ్మడి వరంగల్ జిల్లా వావిలాలలో పుట్టిన రచయిత నవీన్ 1969లో వచ్చిన 'అంపశయ్య' నవలను ఉస్మానియా విద్యార్థి ఒక్క రోజు మీద ఆ పద్ధతిలో నడిపారు. ముందు చిన్న కథలో నాలుగు చోట్ల చేయి తిరిగాక అటు వెళ్లొచ్చు.

ఒక సన్నివేశంలో ఒక్క తలలోనే ఉండండి. సేటు ఏమనుకుంటున్నాడో లచ్చవ్వ ఊహించాలే గానీ మనం చెప్పకూడదు. ఆమె ఊహ తప్పయినా మంచిదే.

7. ఎక్కడ చెడుతుంది?

అన్నిటికంటే ముందుండే తప్పు, పాత్రకు తెలిసిన సంగతిని పాత్రే తనకు చెప్పుకోవడం. 'పదేండ్ల కింద సింగరేణి బాయిల చనిపోయిన నా భర్త రాజయ్య' అని ఏ భార్యా మనసులో అనుకోదు. 'ఆయన ఉంటే కాంటా కాడ నిలబడుతుండె' అంటే చాలు, మిగతాది ఇంకెక్కడో చెప్పొచ్చు.

'నాకు చాలా బాధగా ఉంది' అని భావానికి పేరు పెట్టడం రెండోది. బాధలో ఉన్నవాళ్లు బాధ గురించి ఆలోచించరు, ఏరని తాలు కాయ గురించి ఆలోచిస్తారు. 'ఎందుకిలా? ఏం చేయాలి? ఎవరిని అడగాలి?' అని వరుస ప్రశ్నలు పేర్చితే గాబరా కనపడదు, రచయితకు తోచలేదని కనపడుతుంది. ఒక్క ప్రశ్న ఉంచండి. 'జీవితమంటే ఇంతేనా' లాంటి వాక్యం పాత్రది కాదు, మీది. కొట్టేయండి.

8. దిద్దుకోవడం

కథ పూర్తయ్యాక రెండు రోజులు పక్కన పెట్టి, లోపలి మాటలున్న చోట్లన్నీ రంగు పెన్నుతో గీయండి. ఒక్కోదాన్ని వేలితో మూసి ముందూ వెనకా చదవండి. తర్వాతి పని అప్పుడూ అంతే స్పష్టంగా, అంతే బరువుగా ఉంటే ఆ ఆలోచన అక్కర్లేదు. మిగిలినవాటిని ఆ ప్రాంతపు మనిషికి చదివి వినిపించండి. మీ నాలుక ఎక్కడ తడబడితే అక్కడ పుస్తకం మాట మిగిలిపోయిందని గుర్తు. వినేవాళ్లు 'ఇది ఎవరంటున్నరు?' అని అడిగితే ఆలోచనను మార్చకండి, దానికి ముందు పాత్ర చేసే చిన్న పని ఒకటి చేర్చండి. కొంగు సర్దుకోవడమో, బస్తా మూతి బిగించడమో సరిపోతుంది.